రాకపోకల పుస్తకం

సెబెటా దారిలో, అద్దిస్ అబాబా చెయ్యి చాచి
మా ఊరిని లోపలికి లాక్కున్న చోట,
పన్నెండు బ్లాకుల ఇళ్ళకి నేను రాత్రి కాపలా.
నీలం కోటు వాళ్ళిచ్చింది, రెండు సైజులు పెద్దది.
టార్చి మాత్రం నాదే.

నాలుగో బ్లాకు దగ్గరికి రాగానే
కాలు దానంతటదే నెమ్మదిస్తుంది.
అక్కడ అరక మలుపు తిప్పేవాణ్ణి.
కార్లు నిలిపే చోట టెఫ్ కళ్ళం.
ఆవగింజ దాని పక్కన గుమ్మడికాయ;
తూర్పారబట్టేటప్పుడు ఎవడైనా తుమ్మితే
ఒక పూట ఇంజెరా ఎగిరిపోయేది.

మా నాయన నేలని పొద్దుల్లో చెప్పేవాడు:
జత ఎడ్లకి నాలుగు పొద్దుల దుక్కి అని.
వచ్చినవాళ్ళు మీటర్లలో కొలిచారు.
పొద్దుకి ఎన్ని మీటర్లో నేనడగలేదు.
వేలిముద్ర వేశాక, బొటనవేలి సిరా
తుడుచుకోడానికి గోడ కోసం చూశాను.
అప్పటికి అక్కడ గోడ లేదు.

డబ్బా? ఇచ్చారు.
మినీబస్సులో సగం వాటా అయింది.
మినీబస్సు వాగులో పడింది.
దేవుడి దయ, మనుషులెవరికీ ఏం కాలేదు.

నా కూతురు గలానె ప్లాస్టిక్ కప్పుల కింద
గులాబీలు కోస్తుంది.
కాడ నిటారుగా ఉంటే పువ్వు విమానమెక్కుతుంది,
వంకర తిరిగితే మా ఇంటికొస్తుంది.
ఆవు ముందు వేశాం ఒకసారి.
వాసన చూసి, మా వైపు ఒకసారి చూసి,
మొహం తిప్పుకుంది.
నేను పొలం మాట ఎత్తితే గలానె అంటుంది:
"నాకు వంగి టెఫ్ కోసిన నడుం నొప్పే గుర్తు నాన్నా.
ఇక్కడ నిలబడి కోస్తాను."
దానికి నా దగ్గర జవాబు లేదు.
తన వేళ్ళకి ముళ్ళు గుచ్చుకున్న చోట వెన్న రాస్తాను.

ఇది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది,
ఎండకి నోరు తెరుస్తుంది.
మొన్న కింది ఇంటి ఎతగెన్నుకి పడగ్గదిలో
గోడ నిలువునా చీలింది.
తెల్ల టోపీ ఇంజనీరు వచ్చి సిమెంటుని తిట్టాడు,
మేస్త్రీని తిట్టాడు, ఇసుకని తిట్టాడు.
నేను గేటు దగ్గర నిలబడి విన్నాను.
నా నేల ఊపిరి తీసుకుంటోందని
కోటు వేసుకున్నవాడు ఎట్లా చెప్తాడు?

నిన్న రాత్రి దుగాసా వచ్చాడు,
కింది గట్టు దుగాసా. నా సరిహద్దు.
ఒకే గట్టు కోసం పదకొండేళ్ళు పోట్లాడుకున్నాం.
ఇప్పుడా గట్టు మీద చెత్తడబ్బా ఉంది.
ఊరికే చూసిపోదామని వచ్చానన్నాడు.
రూలు రూలే, పుస్తకం తెరిచాను.
ఈ కొలువు కోసమే గలానె దగ్గర అక్షరాలు నేర్చాను,
నా రాత ఇంకా కొత్త దూడ నడక.
పేరు, రాశాను. వచ్చిన వేళ, రాశాను.
ఎవరిని చూడ్డానికి?
దుగాసా గడ్డం గోక్కున్నాడు.
ఇద్దరం ఆ గడి వైపు చూస్తూ కూచున్నాం.
చివరికి "దాలచ" అని రాశాను.
నా దాపటి ఎద్దు. బూడిద రంగు.
పచ్చిమేత తిని పొట్ట ఉబ్బి చచ్చిపోతే
గొయ్యి తవ్వడానికి గట్టు దాటి వచ్చినవాడు,
మాటలు లేని రోజుల్లో, ఈ దుగాసానే.

లోపలికి వెళ్ళి, చెత్తడబ్బా పక్కన కాసేపు నిలబడి
వచ్చేశాడు. సిగరెట్టడిగాడు. లేదన్నాను.

పొద్దున్నే సూపర్‌వైజరు పుస్తకం తిరగేసి
వేలు పెట్టి ఆగాడు:
"ఎవరీ దాలచ? అద్దెకుంటున్నాడా? ఏ అంతస్తు?"
కింద, అన్నాను.
"కిందంటే, మొదటి వరసా?"
ఇంకా కింద సార్, అని
టార్చి ఆర్పి ఇంటికి నడిచాను.